పదిహేడున్నర చుట్లు

నాలుగు గంటలకు మెకానిక్ ఖాజా పీర్ మీద కేసు రాస్తారు. నేను ఆళ్లగడ్డ పోలీస్ స్టేషన్ ఆవరణలోకి బండి తిప్పేసరికి ఒంటి గంట పది. అంటే నా చేతిలో ఉన్నవి నూట డెబ్బై నిమిషాలు.

ఇరవై రెండేళ్లు నంద్యాలలో స్పేర్ పార్టుల అంగడి నడిపాను. ఇప్పుడు ప్రమాదాల మీద, మోసాల మీద ఆరా తీయడం నా పని. పని మారింది గానీ బుద్ధి మారలేదు. లోపలికి వచ్చిందెంత, బయటికి పోయిందెంత, మిగలాల్సింది మిగిలిందా అని చూసుకోనిదే నాకు కుదరదు. మనిషి అబద్ధం చెబితే ఎక్కడో ఒకచోట తక్కువ పడుతుంది. ఆ తక్కువ పడిన చోటికి పోవడమే నాకు తెలిసిన విద్య.

జరిగింది ఇది. మంగళవారం ఉదయం పది ముప్పై ఐదుకు, శిరివెళ్ల దాటాక వచ్చే వంపులో, నంద్యాల బియ్యం వ్యాపారి కన్యకమ్మ బండి రోడ్డు దిగి జొన్న చేలో పల్టీ కొట్టింది. పన్నెండేళ్ల నాటి చిన్న ఎస్‌యూవీ. డ్రైవర్ శాంసన్‌కు మణికట్టు, డెబ్బై ఏళ్ల కన్యకమ్మకు తుంటి విరిగాయి. స్టీరింగ్ నుంచి వచ్చే కడ్డీని ముందు ఎడమ చక్రానికి కలిపే కొసను మేం టై రాడ్ ఎండ్ అంటాం. అది చక్రం నుంచి ఊడిపోయింది. ముందురోజు సాయంత్రమే ఆళ్లగడ్డలోని తన షెడ్డులో ఖాజా పీర్ పాతది తీసి కొత్తది వేసి పంపాడు. తప్పు ఎవరిదో చెప్పడానికి ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు.

ఇవాళ గురువారం. ఉదయం నంద్యాల ఆస్పత్రిలో కన్యకమ్మను చూశాను. "సోమశేఖరా, ఆయప్ప పదేండ్లుగా నా బండి చూస్తాండాడు. ఆయప్ప చెయ్యి పడినాక నేను కండ్లు మూసుకొని కూచుంటా. ఆయప్పకు చెడ్డపేరు రానియ్యొద్దు" అంది. అంత నొప్పిలోనూ తన గురించి ఒక్క మాట అనలేదు. పక్కనే ఆమె తమ్ముడి కొడుకు ప్రశాంత్ ఉన్నాడు. కాఫీ తెప్పించాడు. కిటికీలోంచి నా బండి మీది దుమ్ము చూసి, "ఇంత పని మీద పోతాండావ్, ఇట్లనే పోతావా అన్నా" అని తాళాలు తీసుకుపోయి, నలభై నిమిషాల్లో కడిగించి తెచ్చి నిలబెట్టాడు. మేనత్త మంచం మీద ఉండగా పరాయివాడి బండి గురించి ఆలోచించే పిల్లలు ఇంకా ఉన్నారే అనుకున్నాను.

దారిలో స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ముందు ఎడమ నుంచి టక్‌మని చప్పుడు. నా బండికీ పదకొండేళ్లు. ఆ వయసులో ఏదో ఒక బుష్ అరిగే ఉంటుంది. ఊరందరికీ పార్టులు అమ్మినవాడు తన బండిని చివర చూసుకుంటాడు. తర్వాత చూద్దాంలే అని వచ్చేశాను.

స్టేషన్ వరండా బెంచీ మీద ఖాజా పీర్ కూర్చుని ఉన్నాడు. అరవై రెండేళ్ల మనిషి, తెల్ల గడ్డం, గోళ్ల సందుల్లో ఎప్పటికీ పోని గ్రీజు. పక్కన భార్య బీజాన్, ఒళ్లో మూత తీయని అన్నం క్యారియర్.

"ఏం సోమప్పా, నువ్వెందుకు వచ్చినావు? అంగళ్లో ఎవరుండారు?" అన్నాడు.

"అంగడి మూసి నాలుగేండ్లాయె పీరన్నా."

"ఔ గదా. మనసు ఈడ లేదప్పా."

"పొద్దున్నించి ఒక్క ముద్ద తినలే. మీరన్నా చెప్పండి" అంది బీజాన్.

ఈ పనికి నన్ను ఎవరూ పెట్టుకోలేదు. నేనే వచ్చాను. ఎందుకు వచ్చానో ఇంకాసేపట్లో అందరి ముందూ చెప్పాల్సి వస్తుందని మాత్రం నాకు తెలియదు.

ఆవరణ మూలన కన్యకమ్మ బండి ఉంది. పైకప్పు అణిగి, ఎడమ చక్రం వికారంగా బయటికి తిరిగి ఉంది. దాని ముందు ఎస్సై అమృత, ఆమె పక్కన ట్యాబ్ పట్టుకుని అజయ్ కుమార్. బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసేవాడు. మా ఇద్దరికీ పడదు. పోయినేడు రెండు కేసుల్లో అతని రిపోర్టు తప్పని తేల్చాను. అతను మర్చిపోలేదు.

"రండి సోమశేఖర్ గారూ. పాత ఇనుము వాసన తగిలిందా?" అన్నాడు.

"వాసన కాదు అజయ్, తుప్పు కనపడింది. నువ్వు చూడలేదేమోనని వచ్చినా."

అమృత చేయి ఎత్తింది. "ఇద్దరూ ఆపండి. అజయ్ గారూ, మీరు తేల్చింది చెప్పండి."

అతను ఫొటోలు తిప్పుతూ చెప్పాడు. "సింపుల్ మేడం. కొత్త పార్టు వేశానని బిల్లు ఇచ్చాడు. బండికి ఉన్నది చూడండి, తుప్పు పట్టి, రబ్బరు చిరిగిన పాతది. నట్టు లేదు, నట్టు జారకుండా పెట్టే పిన్నూ లేదు. మోసం ఒకటి, నిర్లక్ష్యం ఒకటి. పైగా ఇదేం మొదటిసారి కాదు. పదకొండేళ్ల కిందట ఏడు బండ్లకు పని చెడగొట్టి, ఇల్లిల్లూ తిరిగి 'నా చేతి పొరపాటు' అని ఒప్పుకున్నాడట. ముగ్గురి దగ్గర వాంగ్మూలం తీసుకున్నాను."

ఖాజా పీర్ వైపు చూశాను. అతను నేల చూస్తూ తల అడ్డంగా ఊపాడు. వద్దు, చెప్పొద్దు అని.

"ఆ ఏడు బండ్ల తప్పు నాది మేడం" అన్నాను.

అజయ్ ట్యాబ్ దించాడు.

"ఆ బండ్లకు చక్రాల దగ్గర వేసిన బాల్ జాయింట్లు అమ్మింది నేను. పెట్టె మీద ముద్ర చూసి అసలువే అనుకున్నా. ఎనిమిదోది బిగించబోతూ ఈయనకు అనుమానం వచ్చి కోసి చూసినాడు. అన్నీ నకిలీవి, లోపల ఇనుము కాదు, మట్టి. అప్పటికే ఏడు బండ్లు రోడ్డు మీద తిరుగుతాండాయి. మోపెడ్ మీద మూడు దినాలు తిరిగినాడు. ఒకటి కొలిమిగుండ్ల పక్క పల్లెలో, ఇంకోటి శ్రీశైలం ఎక్కబోతూ దొరికింది. ఏడింటికీ మార్చినాడు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. నా పేరెందుకు చెప్పలేదని అడిగితే ఏమన్నాడో తెలుసా? 'నీ పేరు చెప్తే నీ అంగడి పోతాది. నా పేరు చెప్తే నాలుగు తిట్లు పడతాయి, అంతే గదప్పా' అన్నాడు."

బీజాన్ భర్త వైపు తిరిగింది. "నాకు గూడా చెప్పలేదు గదా నువ్వు" అంది నెమ్మదిగా.

అజయ్ ముందుగా తేరుకున్నాడు. "మంచి కథే. పదకొండేళ్లు నోరు మూసుకున్న మనిషి మాటకు విలువెంత?"

"తక్కువే" అన్నాను. "అందుకే నా మాట వద్దు. బండిని మాట్లాడిద్దాం. మేడం, ఒక్క గంట ఇవ్వండి. మీ ఎదురుగా, మీ కెమెరా ముందే."

అమృత గడియారం చూసింది. "ఒకటి నలభై. రెండు నలభై దాకా. పీర్ గారు బండిని ముట్టుకోకూడదు."

ఖాజా పీర్‌ను బెంచీ మీదే అడిగాను.

"సోమవారం శాంసన్ ఏమని తెచ్చినాడు పీరన్నా?"

"ఎనభై దాటితే స్టీరింగ్ వణుకుతాంది, ఎడమకు లాగుతాంది, గతుకుల్లో టక్ మంటాంది అన్నాడు."

"నువ్వేం చూసినావు?"

"ఎప్పటి మాదిరే. బానెట్ పక్కన రేకు మీద చెయ్యి పెట్టి, వాణ్ణి స్టీరింగ్ తిప్పమన్నా. యాడ పోయిందో చెయ్యికే తెలుస్తాది. షాక్ అబ్సార్బర్ బాగుండాది. కింది ఆర్మ్ బుష్ అరిగింది గానీ ఇంకా ఆర్నెల్లు నడుస్తాది, ఇప్పుడు మార్చొద్దన్నా. పోయింది ఎడమ టై రాడ్ ఎండ్ ఒక్కటే. కొత్తది వేసినా, నట్టు బిగించినా, పిన్ను పెట్టి రెండు కాళ్లూ వంచినా. ఐదున్నరకు పంపినా."

"పాతది?"

"ఇచ్చేసినా. నేనెప్పుడైనా పెట్టుకుంటానా? పేపర్లో చుట్టి స్టెప్నీ కింద పెడతా. చూసుకుంటారు గదా, నిజంగా పోయిందా లేదా అని."

ఇది ఆళ్లగడ్డలో అందరికీ తెలిసిన పద్ధతి. ఊడదీసిన పార్టు బండి యజమానిది. ఖాజా పీర్ షెడ్డులో పాత పార్టు ఒక్కటి కూడా దొరకదు.

"మేడం, డిక్కీలో దొరికిన వస్తువుల జాబితా ఉందా?"

ఆమె చదివింది. జాకీ, గొడుగు, బియ్యం శాంపిల్ సంచులు మూడు, స్టెప్నీ, చెత్త కాగితం.

"ఆ చెత్త కాగితం చూడొచ్చా?"

కానిస్టేబుల్ తెచ్చాడు. నలిగిన ఉర్దూ పేపరు. సోమవారం తేదీ. మధ్యలో గ్రీజుతో గుండ్రటి ముద్ర, దాని పక్క నుంచి వేలంత గీత. బండికి వేలాడుతున్న పాత టై రాడ్ ఎండ్ పక్కన ఆ కాగితాన్ని పట్టుకున్నాను. రబ్బరు చిరిగిన చోట ముద్ర కూడా చిరిగినట్టే ఉంది. అచ్చు దిగినట్టు సరిపోయింది.

"మేడం, ఈ పాత పార్టు సోమవారం సాయంత్రం ఈ కాగితంలో ఉండింది. మంగళవారం చక్రానికి ఉంది. దానికదే నడిచి పోలేదు గదా."

"కాగితంలో చుట్టి, మళ్లీ అతనే బిగించి ఉండొచ్చు" అన్నాడు అజయ్. కానీ గొంతులో మునుపటి దర్జా లేదు.

"సరే. పీరన్నా, ఎన్ని చుట్లు?"

"పదిహేడున్నర" అన్నాడు ఖాజా పీర్ తడుముకోకుండా.

అమృతకు వివరించాను. ఈ కొస కడ్డీకి మరమేకులా తిరుగుతూ ఎక్కుతుంది. ఎన్ని చుట్లు ఎక్కిందన్న దాన్ని బట్టి చక్రం నిటారుగా ఉండటమో వంకర పోవడమో ఉంటుంది. అందుకే పాతది విప్పేటప్పుడే చుట్లు లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కిస్తాడు ఖాజా పీర్. ఆ అంకెను బానెట్ లోపలి వైపు రాస్తాడు.

సొట్టపడిన బానెట్‌ను ఇద్దరు కానిస్టేబుళ్లు ఎత్తారు. లోపల పదేళ్ల చరిత్ర. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చాడు. కన్యకమ్మ ఒంటి గురించి డాక్టర్ దగ్గర కూడా అంత వివరంగా ఉండదు. ఆఖరి వరుసలో సోమవారం తేదీ, ఎడమ టై రాడ్, 17½.

"ఇప్పుడు విప్పండి. నేను కాదు, అజయ్ విప్పాలి. అందరికీ వినపడేట్టు లెక్కపెట్టాలి."

అతను నా వైపు కోపంగా చూసి చొక్కా చేతులు మడిచాడు. కొస కదలకుండా పట్టే లాక్ నట్టును స్పానర్‌తో వదులు చేసి, కొసను చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు. "ఒకటి... రెండు..." కానిస్టేబుళ్లు కూడా కలిసి లెక్కపెట్టారు. "పన్నెండు... పదమూడు... పద్నాలుగు."

పద్నాలుగో చుట్టుకు అది అజయ్ చేతిలోకి వచ్చేసింది. ఇంకా ఉందేమోనన్నట్టు అతను ఖాళీ కడ్డీని చూస్తూ నిలబడ్డాడు.

"మూడున్నర తక్కువ పడింది" అన్నాను.

స్టేషన్ లోపల కూర్చోబెట్టిన శాంసన్‌ను పిలిపించారు. కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. భయంతో పెదాలు తడుపుకుంటున్నాడు.

"సోమవారం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు ఎట్ల పోయింది బండి?" అన్నాను.

"పువ్వు మాదిరి పోయింది సార్. చెయ్యి వదిలినా నేరుగా పోతాండె."

"మంగళవారం?"

అతను తటపటాయించాడు. "స్టీరింగ్ కొంచెం అడ్డంగా నిలబడింది సార్. బండి నేరుగా పోతాంటే స్టీరింగ్ కుడికి తిరిగి ఉండె. నేనే ఏదో గుంతలో ఎత్తేసినానేమో అనుకున్యా. అమ్మకు చెప్తే తిడుతుందని ఊరుకున్యా."

"చెప్పి ఉంటే ఆవిడ ఇప్పుడు నడుస్తూ ఉండేది" అన్నాడు అజయ్.

"వదిలెయ్ అజయ్. మనలో ఎంతమంది చప్పుడు విని కూడా రేపు చూద్దాంలే అనుకోము?" అన్నాను. ఆ మాట నా బండికీ వర్తిస్తుందని నాకే తోచలేదు.

బండి కిందికి టార్చి వేశాను. అడుగంతా నల్లగా మెరుస్తోంది. నీళ్ల సర్వీసు చేసినప్పుడు చివర్లో తుప్పు పట్టకుండా డీజిల్, పాత ఆయిల్ కలిపి కొడతారు. కడ్డీ మీద మెరుపు, చక్రం దగ్గర మెరుపు, ఆర్మ్ మీద మెరుపు. అజయ్ చేతిలోని కొస మీద, ఆ లాక్ నట్టు మీద మాత్రం చుక్క లేదు. ఎండు తుప్పు.

"అంటే ఆయిల్ కొట్టిన తర్వాత బిగించారు" అంది అమృత. నా కంటే ముందే అందుకుంది.

"శాంసన్, బండి ఎప్పుడు కడిగించినారు?"

"మంగళవారం పొద్దున సార్. ఎనిమిది పదికి ప్రశాంతన్న తాళాలు తీసుకున్యాడు, నేనే కడిగించుకొస్తా, నువ్వు టిఫిను తినుపో అన్యాడు. తొమ్మిదీ పదికి తెచ్చినాడు."

అరవై నిమిషాలు. దుకాణం ఉన్నన్నాళ్లూ ఆ లెక్క రోజూ చూశాను. పోను రాను పది, కడగడానికి, ఆయిల్ కొట్టడానికి ఇరవై ఐదు. ఇంకో ఇరవై ఐదు నిమిషాలు ఎక్కడికి పోయాయి? ర్యాంపు మీద ఎత్తి ఉన్న బండికి ఒక కొస తీసి ఇంకో కొస తగిలించడానికి ఆ మాత్రం చాలు. తొందరలో చుట్లు ఎవరు లెక్కపెడతారు? నట్టు వేళ్లతో తిప్పి వదిలేశాడు. పిన్ను పెట్టనే లేదు.

"ఆ రోజు కన్యకమ్మ ఆళ్లగడ్డకు ఎందుకొస్తాండె?"

"రిజిస్ట్రార్ ఆఫీసుకు సార్. పదకొండున్నరకు టైమిచ్చినారు. ఈడ రోడ్డు పక్క స్థలం మనవరాలు రక్షిత పేర రాయాలని. ఎప్పుడూ ప్రశాంతన్న గూడా వస్తాడు. ఆ పొద్దు మాత్రం కడుపునొప్పి, రాలేనన్యాడు."

ఆ స్థలం తనకే వస్తుందని ప్రశాంత్ ఎన్నేళ్లుగా అనుకుంటున్నాడో శాంసన్ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. పాత పార్టు డిక్కీలో ఉంటుందని నంద్యాలలో ఆ ఇంట్లోవాడికి కాక ఇంకెవరికి తెలుసు?

రెండు ముప్పై ఐదు. అమృత నంద్యాలకు ఫోన్ చేసింది. మాట్లాడుతున్న కొద్దీ ముఖం బిగుసుకుంది. "ప్రశాంత్ ఆస్పత్రిలో లేడు. పొద్దున మీరు బయల్దేరిన వెంటనే వెళ్లిపోయాడట. పెద్దావిడ దగ్గర మనిషిని కాపలా పెట్టమన్నాను." తర్వాత బెంచీ వైపు తిరిగింది. "పీర్ గారూ, ఇంటికి వెళ్లండి. పిలిస్తే సాక్షిగా వద్దురుగానీ."

ఖాజా పీర్ లేవలేదు. కాసేపు చేతులు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బీజాన్ క్యారియర్ మూత తీసింది. అన్నం, పప్పు, గోంగూర, అడుగు గిన్నెలో మాంసం కూర. మొదటి ముద్ద భర్తకు కాదు, నాకే పెట్టింది. "మీరు తినందే ఈయన తినడు" అంది. నేను శాకాహారినని గుర్తుపెట్టుకుని, మాంసం కూర గిన్నెను పక్కకు జరిపి, దానికి తగలని గరిటెతోనే వడ్డించింది. ఇన్నేళ్లలో నాకు కలిసొచ్చిన రోజులు చాలా ఉన్నాయి. అంత కడుపు నిండిన రోజు ఇంకోటి గుర్తు లేదు.

అజయ్ గొంతు సవరించుకున్నాడు. "రిపోర్టు తిరిగి రాస్తాను. కంపెనీ కారు వెళ్లిపోయింది. నంద్యాల దాకా..." అని ఆగాడు.

"ఎక్కు. శత్రువునైనా బస్సులో పంపించను" అన్నాను.

అతను ఎక్కి ముందు ఎడమ సీట్లో బెల్టు పెట్టుకున్నాడు. నేను స్టీరింగ్ ముందు కూర్చుని ఇంజన్ వేశాను. ఖాజా పీర్ సాగనంపడానికి వచ్చి, ఆప్తుల భుజం మీద వేసినట్టు బానెట్ పక్కన రేకు మీద చెయ్యి వేశాడు. "నువ్వు రాకపోతే సోమప్పా..."

మాట అక్కడే ఆగిపోయింది.

"స్టీరింగ్ తిప్పు" అన్నాడు.

తిప్పాను. టక్.

"ఇంకోసారి."

టక్.

"బండి ఆపు. దిగు. ఇద్దరూ దిగండి."

ఆ వయసులో అంత చురుగ్గా నేల మీద పడుకుని చక్రం వెనక్కి దూరాడు. బయటికి వచ్చినప్పుడు అతని చొక్కా నిండా నల్లటి ఆయిల్. అప్పుడే కొట్టినట్టు మెరుస్తోంది. అరచేతిలో ఎడమ టై రాడ్ నట్టు ఉంది.

"స్పానర్ అక్కరలేకుండానే వచ్చింది. రెండు చుట్లు మిగిలినాయి. పిన్ను లేదు."

శిరివెళ్ల వంపు ఇక్కడికి ఇరవై నిమిషాలు. మంగళవారం ప్రశాంత్ నిమిషాలన్నీ లెక్కగట్టాను. ఇవాళ ఉదయం నా బండి నా కళ్లముందు నుంచి పోయిన నలభై నిమిషాలు మాత్రం లెక్కలో వేసుకోలేదు. పదకొండేళ్ల కిందట నా పేరు కాపాడిన చెయ్యి ఇప్పుడు నా ప్రాణం నా ముందు పెట్టింది. దీన్ని ఏ వైపు రాసుకున్నా సరితూగదు.

అజయ్ ఖాజా పీర్ ఆయిల్ చేతిని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

నా ఫోన్ మోగింది. ప్రశాంత్. అమృత పరుగున వచ్చి స్పీకర్ పెట్టమని సైగ చేసింది.

"అన్నా, బయల్దేరినావా? యాడిదాకా వచ్చినావు?" గొంతు ఎంతో ఆప్యాయంగా ఉంది.

నట్టును పిడికిట్లో బిగించాను.

"వస్తాండా ప్రశాంత్. శిరివెళ్ల దగ్గరికి వస్తాండా. బండి బాగా కడిగించినావప్పా. నిన్ను కలిసి చెప్పాల. యాడుండావు?"